కడుపులో మాట

మన తెలుగువాళ్ళు రహస్యాలు దాచుకునే చోటు గుండె కాదు, బుర్ర అంతకన్నా కాదు. కడుపు. "ఈ మాట నీ కడుపులో పెట్టుకో వదినా" అంటాం. దాచలేనివాడి నోట్లో నువ్వుగింజ నానదంటాం. ఇంటి సంగతి వీధిలో పెట్టుకోబోయి, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న సామెత గుర్తొచ్చి మళ్ళీ మనమే నోరు మూసుకుంటాం. నలభయ్యేళ్ళు కాపరం చేసిన ఏ ఇల్లాలి కడుపైనా తీసుకోండి, అది తాళంచెవి పారేసిన భోషాణం.

అలాంటి కడుపులోకి కెమెరా పంపించి చూడాలన్నారు డాక్టరుగారు.

భయపడాల్సిందేమీ లేదట. కొంతకాలంగా పొట్టలో ఇబ్బందిగా ఉంది, వయసా అరవై దాటింది, కనక ఒకసారి పెద్దపేగు లోపల చూసేస్తే అందరికీ నిశ్చింత అన్నారు. "కొద్దిగా మత్తిస్తాం. మీకేమీ తెలియదు. అరగంటలో అయిపోతుంది" అన్నారు. ఏమీ తెలియదన్న మాట పాపం ఆయన ధైర్యం చెప్పడానికే అన్నారు. నాకు మాత్రం సరిగ్గా అక్కడే గుండె జారింది. నాకు తెలియకుండా అరగంట! నా నోటికి నేను కాపలా లేకుండా అరగంట! పెళ్ళయిన నాటినుంచి అంతసేపు దాన్ని ఒంటరిగా ఎప్పుడూ వదిలిపెట్టలేదు.

ఈ సంగతి తెలిసి పక్కింటి పిన్నిగారు ధైర్యం చెప్పడానికి వచ్చారు.

"దానికేముందమ్మా, పోయినేడు నాకూ చేశారు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఒక్కటే చిక్కు. మా మరదలి తోడికోడలు మత్తులో ఉండి అత్తగారిని పేరు పెట్టి నానా మాటలూ అందిట. అత్తగారేమో పక్కనే కూచుని విసనకర్రతో విసురుతోందిట. మెలకువొచ్చి చూస్తే అత్తగారు లేదు, విసనకర్ర ఉంది!"

ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. పడుకుని భోషాణంలో ఏమున్నాయో లెక్క చూసుకున్నాను.

చిన్నవి చాలానే ఉన్నాయి. బియ్యం డబ్బా అడుగున ఉన్న నోట్లు. మా పెద్దాడపడుచు ముచ్చటపడి పెట్టిన చీర ఎవరి ఒంటిమీదికి చేరిందో ఆ వివరం. మావారు రిటైరయ్యాక రాయడం మొదలుపెట్టి, పొద్దున్నే కాఫీతో పాటు నాకు చదివి వినిపించే పద్యాల మీద నా అసలు అభిప్రాయం. ఇవి బయటపడితే ఇంట్లో రెండ్రోజులు మాటలుండవు. మూడోరోజు ఆయనకి కాఫీ అడగక తప్పదు. వీటికి నాకేం బెంగలేదు.

పెద్దది ఒక్కటుంది. అది నాది కాదు.

మా బంధువుల్లో ఒకాయన, మరొకాయన నిలువునా మునిగిపోతున్న సమయంలో ఒడ్డున పడేశాడు. చిన్నాచితకా సాయం కాదు, ఓ సంసారం నిలబడింది. నిలబెట్టిందెవరో ఆ ఇంటాయనకి తెలియదు. తెలిస్తే పుచ్చుకోడు, అంతటి అభిమానస్తుడు. డబ్బు నా చేతిమీదుగా, ఇంకేదో పేరు చెప్పుకుని వెళ్ళింది. "నా పేరెత్తావంటే నామీద ఒట్టే" అన్నాడు ఇచ్చినాయన. ఇది జరిగి చాలా ఏళ్ళయింది. పుచ్చుకున్నాయన మాత్రం "ఆ పీనాసి నా కష్టంలో ఒక్క రూపాయి విదిల్చాడా?" అని ఈనాటికీ ఆయన్నే ఆడిపోసుకుంటాడు. శుభకార్యాల్లో ఇద్దరూ ఒకే బంతిలో కూచుంటారు. ఆయన దెప్పుతూనే ఉంటాడు, ఈయన పులుసు కలుపుకుంటూ నవ్వుతూనే ఉంటాడు. వడ్డించేది నేను. ఎన్నిసార్లు చేతిలో గరిటె వణికిందో నాకూ, ఆ గరిటెకీ తెలుసు.

ఆ ఒక్క మాట బయటపడిందా, పుచ్చుకున్నాయన ఇక తలెత్తుకోలేడు. ఇచ్చినాయన మొహం నేను చూడలేను. నా భయమంతా దానికి.

మర్నాటినుంచి మా మనవరాలి ఫోనూ, మావారి పుస్తకాల బీరువా రెండూ తిరగేశాను. మత్తుమందుల చరిత్ర మా వంశవృక్షం కన్నా బాగా ఒంటబట్టింది. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే ఆయన నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువును తనే పీల్చి చూసి, ఆ సంగతులన్నీ 1800లో పుస్తకంగా వేశాడు. పీల్చినవాళ్ళు ఊరికే పకపకా నవ్వేవారు కనక దానికి నవ్వించే గాలి అని పేరొచ్చింది. 1846 అక్టోబరు 16న అమెరికాలో బోస్టన్ నగరంలో, మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగికి ఈథరు పట్టించి, నలుగురు చూస్తుండగా నొప్పి తెలియకుండా ఆపరేషను జరిపించాడు. మరుసటేడే ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడకం మొదలుపెట్టాడు. ఆ క్లోరోఫారం మంచిచెడ్డలు తేల్చడానికి 1888లోనూ 1889లోనూ నిజాంగారి డబ్బుతో మన హైదరాబాదులోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఆ రోజుల్లోనే అక్కడ రూపాబాయి ఫర్దూన్జీ అనే ఆవిడ రోగులకి క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచం మొత్తంమీద తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆవిడ ఒకరు. ఆనాడు ఇంతమంది ఇన్ని తంటాలూ పడింది రోగికి నొప్పి తెలియకుండా ఉండాలనే.

నోరు విప్పించాలన్న దుర్బుద్ధి తరవాత పుట్టింది. అమెరికాలోనే టెక్సస్‌లో రాబర్ట్ హౌస్ అని ఒక పురుళ్ళ డాక్టరు. 1916లో ఒకావిడకి స్కోపలమిన్ అనే మందిచ్చి పురుడు పోశాడు. బిడ్డని తూయడానికి త్రాసు కావాలని భర్తనడిగితే, ఆ మహానుభావుడికి ఇల్లంతా వెతికినా దొరకలేదు. మత్తులో పడున్న ఇల్లాలు, వంటింట్లో పటం వెనకాల మేకుకి తగిలించి ఉందని చెప్పిందట. అది విని డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఇందులో మందు మహత్యమేముందో నాకు బోధపడలేదు. మావారి కళ్ళజోడు ఎక్కడుందో నేను గాఢనిద్రలో కూడా చెప్పగలను.

ఆయనకి మాత్రం అది అద్భుతంగా తోచింది. 1922లో డల్లాస్ జైల్లో ఇద్దరు ఖైదీల మీద ఆ మందు ప్రయోగించి, ఇది ఒంట్లో పడితే మనిషి అబద్ధమాడలేడని తేల్చేశాడు. నిజం కక్కించే మందు అన్న మాట అలా లోకం నోట పడింది. 1934లో ఆపరేషన్ల కోసం వాడకంలోకి వచ్చిన పెంటథాల్ కూడా తరవాత ఈ కొలువులో చేరింది. మన దేశంలోనూ పోలీసువారు నార్కో పరీక్షలని చేయించారు. చివరికి 2010 మే 5న సుప్రీంకోర్టు, మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా ఇలాంటి పరీక్ష చెయ్యడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ముద్దాయిని తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమని బలవంతపెట్టకూడదట. దొంగతనం చేశాడన్నవాడికే అంత రక్షణ ఉంటే, బియ్యం డబ్బాలో నాలుగు నోట్లు దాచుకున్న నాకు ఉండదూ అని కాస్త ఊరట కలిగింది.

ఇన్నేళ్ళకీ తేలిందేమిటంటే, మత్తు నాలుకని వదులు చేస్తుందే గాని నిజాన్ని తవ్వి తియ్యదు. ఆ స్థితిలో మనిషి జరిగిందీ చెబుతాడు, జరగందీ చెబుతాడు, ఎదుటివాడు ఏది వినాలనుకుంటున్నాడో అదీ చెబుతాడు. గట్టిపిండమైతే అప్పుడూ అబద్ధమాడతాడు. బాగానే ఉంది గాని, నా చిక్కు నాలుక వదులవడంతోనే కదా!

పరీక్ష ముందురోజు అన్నం లేదు. సాయంత్రం రెండు లీటర్ల నీళ్ళలో ఏదో పొడి కలిపి తాగించారు. ఆ రాత్రి సంగతి పత్రికలో రాయదగ్గది కాదు.

మర్నాడు ఆస్పత్రిలో మత్తు డాక్టరు వచ్చింది. మా అమ్మాయి ఈడు ఉంటుంది. బీపీ, సుగరు, కట్టుడుపళ్ళు, పడని మందులు, ఆఖరిసారి మంచినీళ్ళెప్పుడు తాగాను, అన్నీ అడిగి సంతకం పెట్టించుకుంది. "ఇంకేమన్నా అడగాలామ్మా?" అంది. పక్కన మావారున్నారు.

"ఏమండీ, నా కళ్ళజోడు పెట్టె బయట బెంచీమీద ఉందేమో చూస్తారూ?" అన్నాను. ఆయన వెళ్ళారు. ఆయన వెతకడానికి వెళ్ళారంటే నాకు పావుగంట చేతిలో ఉన్నట్టే.

అడిగేశాను. ఆ పిల్ల నవ్వలేదు. అందుకే నాకు నచ్చింది.

"మీకిచ్చేవి రెండమ్మా. ఒకటి కంగారు తగ్గిస్తుంది, ఆ కాసేపు జరిగింది గుర్తుండనివ్వదు. రెండోది నిద్రపుచ్చేది, పాలలా తెల్లగా ఉంటుంది. బాగా నిద్రపోయాక మాట్లాడ్డం ఉండదు. ఎక్కేముందూ దిగేటప్పుడూ మాత్రం కొందరు ఏదో గొణుగుతారు. పెద్ద ఆపరేషనుకైతే చాలాసార్లు గొంతులోంచి ఊపిరిగొట్టం వేస్తాం. అది ఉన్నంతసేపూ మాట్లాడదామన్నా మాట రాదు. మీకు అదేం అక్కర్లేదు. అయినా లోపల మిమ్మల్ని ప్రశ్నలడిగేవాళ్ళెవరున్నారు? మేం మీ ఊపిరీ గుండే చూసుకుంటూ ఉంటాం."

"మరి గొణిగితే?"

"వినపడితే వింటాం. గుమ్మం దాటదు."

నేనూరుకోలేదు. "ఇదివరకెవరన్నా ఏమన్నా చెప్పారా అమ్మా?"

ఆ పిల్ల సూది సిద్ధం చేసుకుంటూ అంది: "చెప్పమంటారా? చెప్పానంటే ఇంక మీకు మత్తెక్కుతుందా?"

భయం సగం అక్కడే దిగింది. అంతకుముందు చెప్పిన శాస్త్రమంతా ఒక ఎత్తు, చెప్పకుండా ఆపిన ఆ ఒక్క మాటా ఒక ఎత్తు. రోగి దగ్గర విన్నది బయటపెట్టనని ఒట్టు పెట్టుకోవడం హిపోక్రటీసు పేరున ఉన్న ప్రమాణం నాటినుంచీ, అంటే రెండువేల ఏళ్ళ పైనుంచీ వస్తోంది. మన దేశంలో 2002లో వచ్చిన వైద్యుల నియమావళిలోనూ అది ఉంది. కానీ పుస్తకంలో ఉన్న ఒట్టు వేరు, సూది పట్టుకున్న మనిషి నోట కనబడ్డ ఒట్టు వేరు.

అన్నట్టు, ఆ పాలలాంటి మందులో సోయానూనెతో పాటు కోడిగుడ్డు సొనలోంచి తీసిన పదార్థం కూడా ఉంటుందని తరవాత చదివాను. పిన్నిగారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. పోయినేడు ఆవిడకీ అదే ఇచ్చి ఉంటారు. ఆవిడ సీరియళ్ళు చూస్తారు గాని పత్రికలు చదవరు కనక ఇక్కడ రాస్తున్నాను. భోషాణంలో మరొకటి చేరింది.

తెల్లటి మందు చేతి నరంలోకి ఎక్కడం చూశాను. ఆ తరవాత చూసింది మావారి మొహం. కడుపులో ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చాం. సాయంత్రందాకా ఆయన పెద్దగా మాట్లాడలేదు. నాకు లోపల చలిజ్వరం.

"నేనేమన్నా అన్నానా?" ఉండబట్టలేక అడిగాను.

"ఎప్పుడు?"

"అక్కడ, మత్తులో."

"పాలు పొంగుతున్నాయి, స్టవ్వు కట్టెయ్యండన్నావు. రెండుసార్లు."

"ఇంకా?"

"అయిపోయిందా అన్నావు. నాలుగుసార్లు."

"ఇంకా?"

ఆయన పేపరు దించి నావంక చూశారు. "ఇంకేముంటుందే? ఉన్నా, మత్తులో మాటలు ఎవడు పట్టించుకుంటాడు?" అని పేపరు మళ్ళీ ఎత్తారు.

'ఉన్నా' అన్నారు. ఆ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నాకేమో గుర్తులేదు, ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన చెప్పరు. గుచ్చిగుచ్చి అడిగితే ఏమీ లేనిచోట ఏదో ఉందని నేనే చూపించినట్టవుతుంది.

ఆ తరవాత ఒక గృహప్రవేశంలో ఆ ఇద్దరు బంధువులూ మళ్ళీ ఒకే బంతిలో కూచున్నారు. మామూలుగానే దెప్పుడు మొదలైంది. ఏళ్ళ తరబడి ఆ మాటలకి మావారు "అవునవును" అని తలూపుతూ ఉండేవారు. ఈసారి ఊపలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డ నాతో, "ఆయన విస్తట్లో ఇంకో బూరె వెయ్యి, నెయ్యి దండిగా పొయ్యి" అన్నారు. ఎవరి విస్తట్లోనో మీకు తెలుసు. నేను వేశాను. అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆడవాళ్ళ నోట రహస్యం నిలవకూడదని ధర్మరాజు శపించాడంటారు. కర్ణుడు తన అన్నే అన్న సంగతి, యుద్ధమంతా అయి తర్పణాలు విడిచే వేళ కుంతి చెప్పిందని కోపం. అన్నేళ్ళు కడుపులో దాచగలిగిన తల్లిని చూసి, దాచలేకపోవుగాక అని శపించడం ఏం న్యాయమో! ఆ శాపం పెద్దగా ఫలించలేదని మన ఇళ్ళే సాక్ష్యం. కాకపోతే ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. ఆవిడ దాచిన మాట ఓ కొడుకు ప్రాణం తీసింది. కొన్ని మాటలు దాచితే మనుషులు పోతారు, కొన్ని దాచితే మనుషులు తలెత్తుకు తిరుగుతారు. ఏది ఏదో తేల్చుకోవడం మెలకువగా ఉన్నప్పుడు మనం చెయ్యాల్సిన పని. అదొకటి సరిగ్గా చేసుకుంటే, మత్తులో నోరు జారినా పక్కనున్న మనిషి పట్టుకుంటాడు. సంసారాలు నిలబడుతున్నది అలాంటి చేతుల మీదే.

ఇది చదివి మా చుట్టాలెవరైనా ఆ ఇద్దరూ ఎవరా అని వేళ్ళు మడిచి లెక్కలు వేస్తారేమో. వరసలూ వివరాలూ మార్చే రాశాను, శ్రమపడకండి. లోపలంతా శుభ్రంగా ఉందని, ఏమీ కనబడలేదని డాక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టి మరీ ఇచ్చారు.