గల్లీ ఓట్లు, పైగాలులు

హైదరాబాదులో ఏ పార్టీకి బలం ఎక్కువ అని ఎవరైనా అడిగితే, "ఏ సంవత్సరంలో?" అని ఎదురడగాలి. నమ్మకం లేకపోతే లెక్కలు చూడండి.

2007లో పాత ఎంసీహెచ్‌కి చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. మన ఐటీ జనాలుండే కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అలా నగరంలోకి వచ్చాయి. 2009 నవంబరులో 150 డివిజన్లకి జరిగిన మొదటి ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 52, తెదేపాకి 45, మజ్లిస్‌కి 43 వచ్చాయి. తెరాస పోటీయే చెయ్యలేదు. 2014 అసెంబ్లీ ఎన్నికల్లో కూడా నగరంలోని 24 సీట్లలో తెరాసకి వచ్చినవి 3, తెదేపా-భాజపా కూటమికి 14. రెండేళ్ళు తిరక్కుండానే, 2016 ఫిబ్రవరిలో అదే తెరాసకి 99 డివిజన్లు! కాంగ్రెస్‌కి 2, తెదేపాకి 1. 2020 డిసెంబరుకి తెరాస 56కి పడిపోయింది, భాజపా 4 నుంచి 48కి ఎగబాకింది.

అసలు తమాషా తర్వాత జరిగింది. 2020లో కాంగ్రెస్‌కి నగరం ఇచ్చినవి రెండే డివిజన్లు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో ఉన్న 15 సీట్లలో ఒక్కటీ ఇవ్వలేదు. కానీ రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 మార్చిలో మేయర్ గద్వాల విజయలక్ష్మి కాంగ్రెస్‌లో చేరారు. ఒక్క ఓటు కూడా పడకుండా మేయర్ పీఠం పార్టీ మారిందన్నమాట. ఫిరాయింపుల మీద మనం వినే పదో షెడ్యూలు పార్లమెంటుకి, శాసనసభలకే. కార్పొరేషన్లకి అది వర్తించదు.

"అంతా అవకాశవాదులే" అని తిట్టి ఊరుకోవడం తేలిక. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర జరిగేది అదే. నాకు మాత్రం తప్పు డిజైన్‌లో ఉందనిపిస్తుంది. మేయర్‌ని మనం ఎన్నుకున్న కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చి ఓటేస్తారు. రోజువారీ పని చేయించే కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం పంపిస్తుంది. మంచినీళ్ళు, మురుగు వాటర్ బోర్డువి. వాననీటి నాలాలు కార్పొరేషన్‌వి. జులైలో ఆ రెండు నీళ్ళూ కలిసి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు పారుతుంటే, ఏది ఎవరిదో విడదీసి ఫిర్యాదు చెయ్యడం మా వాచ్‌మన్ వల్ల కాదు, నా వల్లా కాదు. ఇలాంటి చోట కార్పొరేటర్‌కి పని జరగాలంటే సచివాలయంలో ఎవరున్నారో వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిందే. కండువా మారడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

2016లో తెదేపాకి దక్కిన ఆ ఒక్క డివిజను కేపీహెచ్‌బీ కాలనీ. అక్కడ గెలిచినాయన 2020లో అదే డివిజనులో తెరాస తరఫున మళ్ళీ గెలిచారు. జనం మనిషిని చూసి వేశారా, కారు గుర్తుని చూసి వేశారా? అక్కడ మనిషికే వేశారని నాకనిపిస్తుంది.

మిగతా చోట్ల మాత్రం మన ఓటు పైనుంచి వీచే గాలిని బట్టే పోతోంది. 2020 అక్టోబరులో వరదలొచ్చి కాలనీలకి కాలనీలు మునిగాయి. ఆరు వారాలకి ఎన్నికలు. నాలాల మీద కబ్జాలెన్ని, పూడిక తీసిందెప్పుడు అన్నది ప్రచారం నిండా ఉండాలి కదా? బాధితులకిచ్చే పదివేలు ఎవరు ఆపించారని కొన్నాళ్ళు గొడవ పడ్డారు. తర్వాత ఢిల్లీ నుంచి అమిత్ షా, లక్నో నుంచి యోగి ఆదిత్యనాథ్ వచ్చారు, నగరం పేరు మార్చాలా వద్దా అనే దాకా వెళ్ళింది. నాలా మాట నాలాలోనే కొట్టుకుపోయింది.

ఇన్ని గాలుల్లోనూ కదలనిది మజ్లిస్ ఒక్కటే: 43, 44, 44. ఆ పార్టీ రాజకీయాలతో నాకు పేచీలు చాలా ఉన్నాయి. దానికి పాతబస్తీలో మతం పునాది కూడా ఉంది, కాదనను. కానీ దారుస్సలాంలో వాళ్ళ ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చుని వచ్చినవాళ్ళ అర్జీలు వింటారు. కరెంటు మీటరు, స్కూలు ఫీజు, పింఛను... ఇవీ అక్కడి కబుర్లు. మన వైపు పార్టీలకి అలాంటి చోటు ఎక్కడుందో చెప్పగలరా?

మనం మాత్రం తక్కువ తిన్నామా? పోలింగ్ 2016లో 45 శాతం, 2020లో 46 శాతం. సగం నగరం ఇంట్లోనే ఉంది. మనలో చాలామంది ఓటు ఇంకా ఊళ్ళోనే ఉంటుంది. సర్పంచి ఎన్నికలకి బస్సెక్కి మరీ వెళతాం. అక్కడ పార్టీ గుర్తులుండవు, ఎవరింటి అబ్బాయో, చెరువు గట్టు వేయించింది ఎవరో చూసి వేస్తాం. అదే మనిషి హైటెక్ సిటీకి రాగానే జాతీయ రాజకీయ విశ్లేషకుడు అయిపోతాడు.

2025 డిసెంబరులో మరో 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లని నగరంలో కలిపారు. హద్దులు జరిగే కొద్దీ కొత్త ఓటర్లు వస్తారు, లెక్కలు మళ్ళీ తారుమారవుతాయి. వచ్చే ఎన్నికల్లో నా గుమ్మం ముందుకి ఎవరొచ్చినా నేనడిగేవి మూడు: మా వీధి వాననీళ్ళు ఏ నాలాలో కలుస్తాయి, ఆ నాలా ఎక్కడ ఇరుకైంది, మీరు వారంలో ఏ రోజు ఎక్కడ కూర్చుంటారు. కండువా రంగు తర్వాత చూసుకుందాం, అదెలాగూ మారుతుంది.

ఇంతకీ 2020లో మీ డివిజనులో గెలిచింది ఎవరో గుర్తుందా? పార్టీ కాదు, పేరు చెప్పండి.