ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసే ముందు

మీ అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు మీ చేతికిచ్చి తలుపు చాటున నిలబడ్డాడు. మీ చూపు ముందుగా ఎక్కడికి పోతుంది? ఎర్రసిరాతో వేసిన లెక్కల మార్కుల మీదికే కదూ! వైద్యుణ్ణి కాబట్టి నా చూపు హాజరు గడి మీదికి పోతుంది.

మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ గడి చాలా సంగతులు చెబుతుంది. వానలు సరిగా పడని ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల్లో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు ప్రాంతానికి సుగ్గికి పోతాయి, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. ఇంట్లో చూసేవాళ్లు లేక పిల్లలనూ వెంట తీసుకుపోతారు. నెలల తరబడి బడికి పోని పిల్లవాడికి భిన్నాలు రాకపోతే వాణ్ణి మొద్దు అనడం న్యాయమేనా?

మాది పట్నం, మాకా బాధ లేదంటారా? అయినా ఆ గడి చూడండి. ఆదివారం ఊసే లేని కడుపునొప్పి సోమవారం పొద్దున్నే వస్తోందేమో గమనించండి. అది దొంగనొప్పి కాదు. భయపడ్డ పిల్లలకు కడుపు నిజంగానే నొస్తుంది. ఆ భయం బడిలో ఉందో, ఇంట్లోనే ఉందో మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనివారి ఇల్లాలు ఏడో తరగతి చదివే కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. "ఎంత చదివినా దీని తలకెక్కదు సార్, టానిక్కేమన్నా రాసియ్యండి" అంది. గోడకున్న క్యాలెండరులో తేదీలు చదవమన్నాను. ఆ పిల్ల లేచి గోడ దాకా నడిచింది! టానిక్కుకు బదులు కళ్లజోడు రాయించాం. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటివెలుగు మొదలుపెట్టినప్పుడు ముందుగా బడిపిల్లల కళ్లే పరీక్షించారు. దూరం ఆనని పిల్లలు ఆ మాట తమంతట తాము చెప్పరు. లోకమంతా అలాగే మసకగా ఉంటుందనుకుంటారు.

చెవిలో చీము కారే పిల్లవాడికి టీచరు మాట సగమే వినపడుతుంది. రక్తం తక్కువైన పిల్ల మధ్యాహ్నానికే వాలిపోతుంది. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు హీమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఇక జ్ఞాపకశక్తి టానిక్కులంటారా, ఆ డబ్బుతో వేరుసెనగపప్పు, బెల్లం కొనిపెట్టండి. పన్నెండేళ్లలోపు బడిపిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించేవారు ఈ మాట గుర్తుంచుకోండి.

పక్కింటి పిల్లవాడి మార్కులు ఆ పూట ఎత్తకండి. అన్నం ముందు కూర్చున్నప్పుడైతే కార్డు సంగతే వద్దు. తిన్నాక, ఏ లెక్క దగ్గర ఆగిపోయావని అడగండి. మార్కుల దిగులుతో చచ్చిపోతానని పిల్లలంటే వేళాకోళమని కొట్టిపారేయకుండా దగ్గర కూర్చోండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు, అంటే 14416 నెంబరుకు, ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

సంతకం మాత్రం ఆ రాత్రే పెట్టి కార్డు సంచిలో పెట్టించండి. రేపు చూద్దామంటే ఆ రాత్రి పిల్లవాడికి నిద్ర పట్టదు.