ఓడ ఆగినంతసేపట్లో విశాఖ

విశాఖకు చుట్టాలొస్తే మా ఊరివాళ్లం ముందు అరకు మాటే ఎత్తుతాం. తర్వాత బొర్రా గుహలు, ఆ తర్వాత సింహాచలం. అన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ పొద్దున రేవులో దిగి సాయంత్రానికల్లా ఓడెక్కాల్సిన మనిషికి అరకు ఘాట్ రోడ్డు చెప్పి ఏం లాభం? ఈ సదస్సుకొచ్చిన మీదీ ఇంచుమించు అదే పరిస్థితి. తెల్లారింది మొదలు తొలి సమావేశం గంట మోగేదాకా ఉన్న రెండు మూడు గంటలే మీవి. మీకైనా, ఓడ ప్రయాణికులకైనా నేను చెప్పేది ఒకటే: బూట్లు బిగించి బీచ్ రోడ్డు ఎక్కండి. ఈ ఊరి చరిత్ర ఒడ్డు పొడవునా పరుచుకుని ఉంది. పాతనగరం వైపు నుంచి ఉత్తరానికి పరిగెత్తేకొద్దీ, ఒకటి రెండుచోట్ల వరస తప్పినా, కాలం కూడా మీతోపాటే ముందుకు నడుస్తుంది.

ఓడల్లో జనం రావడం ఇక్కడ కొత్తేమీ కాదు. 1933 అక్టోబరు 7న ఈ రేవులో అడుగుపెట్టిన తొలి ఓడ ‘జలదుర్గ’ ప్రయాణికుల ఓడే. రేవు కట్టకముందు కూడా ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది కూలికోసం ఈ తీరం నుంచే రంగూన్ స్టీమర్లు ఎక్కారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు రేవంటే ముడి ఇనుమూ బొగ్గూ ఎరువులే. అండమాన్ ఓడ కోసం వచ్చేవాళ్లు తప్ప మామూలు జనానికి అటువైపు పనుండేది కాదు. 2022లో కార్డీలియా ఓడ ఇక్కణ్నుంచి విహారయాత్రలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. పెట్టె లాక్కుంటూ ఓడ దిగే యాత్రికుణ్ని చూడటం ఊరికి మెల్లగా అలవాటవుతోంది.

ఓడ రేవులోకి వచ్చేటప్పుడు డెక్కు మీద నిలబడండి. ఎడమన సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్స్ నోస్, మా పాతవాళ్ల మాటలో యారాడ కొండ. కుడిన మూడు చిన్న కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. పర్యాటక కరపత్రాలన్నీ దీన్ని మతసామరస్యానికి గుర్తుగా చెబుతాయి, నిజమే. నాకు మాత్రం అవి ఓడవాళ్ల కొండల్లాగే కనిపిస్తాయి. మూడూ రేవు వైపే చూస్తుంటాయి.

పరుగు రేవు గేటు దగ్గర మొదలుపెట్టాలన్న ఉత్సాహం వద్దు. లోపల లారీలూ క్రేన్లూ పనిచేస్తుంటాయి, ఆ ఆవరణలో సొంతంగా తిరగాలనుకోకండి. బయటికొచ్చాక కూడా పాతనగరం నడిచి చూడాల్సిన చోటే. కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో తెల్లారకముందే సరుకు దిగుతుంటుంది. మోచేతులు దగ్గర పెట్టుకుని నడవాల్సిన సందుల్లో పరిగెడితే మీకూ వాళ్లకూ ఇబ్బందే. తీరిక లేకపోతే ఆటో మాట్లాడుకుని తిన్నగా కోస్టల్ బ్యాటరీకి వచ్చేయండి.

అసలు పరుగు అక్కడే మొదలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేవును కాయడానికి ఫిరంగులు పెట్టిన చోటు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు నిజంగానే వచ్చి ఊరి మీద బాంబులేశాయి. జనం ఇళ్లు వదిలి పల్లెలకు పోయారు. అప్పుడు పేలకుండా మిగిలిపోయిన బాంబొకటి ఈ రోడ్డు మీదే ఉన్న విశాఖ మ్యూజియంలో ఉంది. ఇక్కణ్నుంచి పార్క్ హోటల్ దాకా మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దుటిపూట ఈ ముక్క మీద వాహనాలు ఆపేస్తారు. ఇంత వెడల్పాటి సముద్రపు రోడ్డు మొత్తం కాళ్లకే వదిలేసే ఏర్పాటు మన పెద్ద ఊళ్లలో తక్కువ. ఏడున్నరకల్లా హారన్లు మొదలైపోతాయి కనుక నిద్రను కొంచెం త్యాగం చేయక తప్పదు. జూన్‌లో అయిదుంబావు దాటగానే, జనవరిలో ఆరున్నరకు అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. వెళ్లేటప్పుడు సముద్రమూ కుడివైపే, ఎండా కుడిచెంప మీదే. ఉక్క మాత్రం ఏ నెలలోనూ పూర్తిగా వదలదు. చలిదేశాల నుంచి వచ్చినవాళ్లు తమ మామూలు వేగాన్ని ఇక్కడ మరిచిపోవడం మంచిది.

కాళీమాత గుడి దాటాక రామకృష్ణ బీచ్. ఇక్కడి ఇసుక గురించి ఒక మాట. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ తీరంలో కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. రేవు కోసం కట్టిన గోడలు దానికి అడ్డుపడ్డాయి. అవతల ఇసుక పేరుకుంటుంది, ఇవతల బీచ్ కోసుకుపోతుంది. అందుకే పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి ఈ ఒడ్డుకు తెచ్చి పోస్తుంటారు. నిరుడు వచ్చినవాళ్లకు ఈసారి బీచ్ సన్నగా కనిపిస్తే అది వాళ్ల కళ్ల లోపం కాదు. పరుగుకు గట్టు మీది బాటే మేలు. ఇసుకలోనే పరిగెత్తాలని సరదాపడితే నీటి అంచున తడి ఆరని చోట మడమ దిగదు, అక్కడ ప్రయత్నించండి.

తర్వాత కురుసుర. 91 మీటర్ల జలాంతర్గామి, ఒడ్డున ఇసుకలో దిమ్మల మీద నిలబడి ఉంటుంది. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, మరుసటేడు మ్యూజియమైంది. పరుగు వేళకు తలుపులు మూసే ఉంటాయి, బయటినుంచి చూసి సాగిపోవాల్సిందే. దగ్గరికెళ్లి చూస్తే నల్లటి రేకు మీద ఉప్పుగాలి పని ఎలా సాగుతోందో తెలుస్తుంది. రంగు వేసినచోటల్లా మళ్లీ తుప్పు బుడగలు లేస్తుంటాయి. రోడ్డుకు అటువైపు టీయూ-142 నిఘా విమానం, అదీ మ్యూజియమే. దగ్గర్లోనే 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం. ఆ డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మీ కుడివైపు కనిపిస్తున్న ఈ నీళ్లలోనే, రేవు ముంగిట్లో. ఏటా జరిగే నేవీ మారథాన్ కూడా ఈ ఒడ్డునే.

దారి పొడవునా విగ్రహాలుంటాయి. నిజానికి కొంచెం ఎక్కువే ఉన్నాయి. శ్రీశ్రీ దగ్గర మాత్రం ఒక క్షణం ఆగొచ్చు, ఆయన ఈ ఊళ్లోనే పుట్టాడు. ఎడమన గట్టు మీద 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం.

పార్క్ హోటల్ దాటాక వాహనాలు తగులుతాయి, పక్క బాట పట్టండి. వీఎంఆర్‌డీఏ పార్కు, ఆ తర్వాత పెద్ద జాలరిపేట, లాసన్స్ బే. నా లెక్కలో ఈ దారికంతటికీ ప్రాణం జాలరిపేటే, విదేశీ అతిథులకు మనం సరిగ్గా చూపించనిదీ అదే. పొద్దున్నే అలివి వల లాగుతుంటారు. సముద్రంలో అర్ధచంద్రంలా వేసిన వలకు రెండు కొసలా తాళ్లు, తాటికొక జట్టు. అందరూ తాడు లాగుతూ వెనక్కి నడుస్తారు, చివరికి చేరినవాడు తాడు వదిలి నీటి అంచుకెళ్లి మళ్లీ ముందు పట్టుకుంటాడు. రెండు జట్లూ మెల్లమెల్లగా దగ్గరవుతాయి. సంచి ఒడ్డుకొచ్చాక బుట్టల చుట్టూ ఆడవాళ్లు బేరం మొదలుపెడతారు. ఆ తాడు మీంచి దూకి పరుగు కొనసాగించకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. ఫొటో తీయాలంటే అడగండి.

అక్కణ్నుంచి కైలాసగిరి పాదం దాకా, తెన్నేటి పార్కు దాకా పోతే మంచి పరుగే. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ నౌక ‘ఎం.వి. మా’ కొట్టుకొచ్చి నేలకు తగులుకున్నది ఈ పార్కు దగ్గరే. ఇంకా ముందుకెళితే రుషికొండ, ఆపైన భీమిలి. అది సెలవు పెట్టుకుని వచ్చినప్పటి మాట.

దాహానికి కొబ్బరిబొండాలకు కొదవలేదు, నీళ్లదా మీగడదా అని బండివాడే అడుగుతాడు. రాగిజావ, మొలకల బండ్లు కూడా పొద్దుటి నడకవాళ్ల కోసం ఒడ్డునే కాచుకుని ఉంటాయి. మురీ మిక్చర్ మాత్రం సాయంత్రం సరుకు, పొద్దున వెతక్కండి.

చివరగా రెండు విన్నపాలు. చెమట పట్టిందని సముద్రంలోకి దిగకండి. రామకృష్ణ బీచ్‌లో లోతు, లాగుడు రెండూ మోసం చేస్తాయి, ఈతగాళ్లే కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి. వెనక్కి రావడానికి పరుగును నమ్ముకోకుండా ఆటో పట్టుకోండి. ఊరు నిద్రలేచాక రేవు గేటు దాకా చేరడానికి పొద్దుటికన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. సమావేశంలో ఆలస్యమైతే వెనక వరసలో కూర్చోవచ్చు, ఓడ మాత్రం ఆగదు.