అయిదంతస్తుల పైన సొరపాదు

దసరా వెళ్లిన వారం, ఉప్పల్ దాటాక ఒక కాలనీలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ మిద్దె ఎక్కాను. తలుపు తీయగానే ముందు తగిలింది పులిసిన మజ్జిగ వాసన. చిక్కుడుకు పట్టిన పేనుబంక మీద పొద్దున కొట్టారట. పచ్చదనం ఆ తర్వాతే కనిపించింది.

నన్ను రమ్మన్నది బ్యాంకులో చేసి రిటైరయిన పెద్దాయన. ఆయన ముందుగా చూపించింది మొక్కల్ని కాదు, స్లాబు మీద సుద్దతో గీసిన గీతల్ని. కింద దూలాలు ఎటు పోతున్నాయో వాటికి గుర్తులు. బరువైన డ్రమ్ములన్నీ ఆ గీతల మీదే. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నర దాటుతుంది. 200 లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోసి, సగంలో ఉత్త ఎర్రమట్టి నింపితే 150 కిలోలు పైమాటే. అందుకే కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి బరువు తగ్గించారు. నీళ్లు నిలిచి స్లాబు నానకుండా కింద ఇటుకలు పెట్టారు. ఇంత చేసినా, తొలి వానాకాలం పై అంతస్తులో ఒకరి గోడకు చెమ్మొస్తే నేరం బచ్చలి మీదికే వచ్చింది. తవ్వి చూస్తే లీకయింది నల్లా పైపు. "అప్పుడు గానీ బచ్చలికి బెయిల్ రాలేదండీ" అన్నాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి పేరు చెప్పాడు. నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, దాని గురించి విరివిగా రాసి ఎందరినో ఇటు లాగిన మనిషి ఆయన. 2022లో హైదరాబాద్‌కు వరల్డ్ గ్రీన్ సిటీ అవార్డు వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పచ్చదనం చూపించి. మంచిదే. కానీ అది కార్లో పోతూ చూసే పచ్చదనం. ఇది కూరలో వేసుకునేది.

నాకొక అనుమానం మాత్రం ఉండిపోయింది. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి ఈ నగరానికి వస్తున్నాయి. ఆ నీళ్లు తోటకూరకు పోయడం న్యాయమా? పెద్దాయన నొచ్చుకోలేదు. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, ఏసీలోంచి కారేవి బకెట్లకు పట్టి పైకి తెస్తున్నారు. వాటర్ ఫిల్టర్ వదిలే నీళ్లూ కొన్నాళ్లు పోశారట. మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుంటే మానేశారు. ఎండాకాలం ఇవేవీ చాలవని ఆయనే ఒప్పుకున్నాడు.

తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. ఏ రోజు ఏ ఫ్లాటు వాళ్లు నీళ్లు పోయాలో అందులో ఉంది. ఆ రోజు వంతు వాళ్లు రాలేదు. బకెట్ పట్టుకుని వచ్చింది వాచ్‌మన్ భార్య. ఆమె పేరు ఆ కాగితంలో లేదు. వాళ్లది పాలమూరు వైపు పల్లె.

నీళ్లు పోయడం అయ్యాక సొరపాదు దగ్గర నిలబడింది. సొరపువ్వు పొద్దుగూకాకే విచ్చుకుంటుంది. మగపువ్వు ఒకటి తెంపి, రేకులు ఒలిచి, పిందె ఉన్న పువ్వు మధ్యలో మెల్లగా రాసింది.

"గింతెత్తుకు పురుగులు రావు సార్. మనమే జెయ్యాలె. లేకుంటే పిందెలన్నీ మురిగి రాలిపోతయ్."

"ఊళ్లో ఇట్లాగే చేసేవాళ్లా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఊళ్లె ఎవరు జేస్తరు సార్? అక్కడ పురుగులున్నయ్. నీళ్లే లెవ్వు. రెండు బోర్లేసినం, రెండూ ఎండినయ్. గందుకే గిటొచ్చినం."

కోసిన కూరలు ఫ్లాట్ల వాళ్లు వంతులేసుకుంటారు. మిగిలితే ఆమెకు. మిగలని వారాల మాటేమిటని పెద్దాయన్ని అడిగాను. ఆయన కాసేపు చిక్కుడు తీగ సర్దాడు.

"మీటింగులో పెట్టాల్సిన మాటేనండీ."

ఆమె విన్నదో లేదో తెలియదు. "ఇంకా మూడు పూలున్నయ్ సార్, మీ ఫోన్ల లైటుంటది గదా, జర ఇటు పట్టుండ్రి" అంది.