ఏడాదికి పన్నెండు పేజీలు

ప్రతి ఇంట్లోనూ పిల్లల ప్రోగ్రెస్ కార్డులకి ఒక ఫైలు ఉంటుంది. యూకేజీ నుంచి వరుసగా, ప్లాస్టిక్ కవర్లలో, ఒక్కటి కూడా పోకుండా దాచుకుంటాం. అదే పిల్లాడు యూకేజీ యాన్యువల్ డేలో ఉడత వేషం వేసిన ఫొటో ఇప్పటికిప్పుడు చూపించమంటే మాత్రం తడుముకుంటాం. పాత ఫోన్‌లో ఉండాలి, లేదా వాళ్ల పిన్ని వాట్సాప్‌లో ఉండొచ్చు అంటాం. ఏ యూనిట్ టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పగలం. మొదటి పన్ను ఎప్పుడు ఊడిందో గుర్తుండదు.

ఫొటోలకి కొదవేమీ లేదు. ఒక్కో ఫోన్‌లో వేలకొద్దీ ఉంటాయి. వెతకబోతే దొరకవు, అంతే. అందుకే ఈ నెల మీతో డిజిటల్ స్క్రాప్‌బుక్ గురించి మాట్లాడదామనుకున్నాను. కంప్యూటర్‌లో, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఖాళీ పేజీ తెరిచి, నాలుగైదు ఫొటోలు పేర్చి, పక్కన రెండు మాటలు రాసి, పిల్లలు గీసిన బొమ్మో, జూపార్కు టికెట్టో స్కాన్ చేసి అతికిస్తే అదే స్క్రాప్‌బుక్ పేజీ. మా ఇద్దరు పిల్లలకీ ఆరేళ్లుగా చేస్తున్నాను. నెలకో పేజీ, ఏడాదికి పన్నెండు. పేజీకి గంట పడుతుంది.

గంటేనా అని చాలామంది అడుగుతారు. గంటలో అవడానికి కారణం సాఫ్ట్‌వేర్‌లో ఆరితేరడం కాదు. ఇందులో అసలు టైమంతా తినేది వెతుకులాట. ఆ పని ముందే అయిపోతే డిజైన్ దానంతటదే నడుస్తుంది. కాగితం, జిగురు ఉన్న రోజుల్లోనూ ఈ బాధ ఉండేది. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్‌కి స్క్రాప్‌బుక్‌లంటే పిచ్చి. జిగురు పూసుకోవడంతోనే పొద్దు గడిచిపోతోందని, పేజీలకి ముందే జిగురు పూసి ఉంచిన స్క్రాప్‌బుక్ ఒకటి తయారుచేసి 1873లో పేటెంటు తీసుకున్నారు. తడి చేసి అతికించుకోవడమే. మనం చేయాల్సిందీ అలాంటిదే. జిగురు ముందే పూసి పెట్టుకోవాలి.

మొదటి పని ఫోల్డర్లు. ఏడాదిని జనవరి నుంచి మొదలుపెట్టకండి. పిల్లలున్న ఇంట్లో ఏడాది మొదలయ్యేది జూన్‌లోనే. "2024-25 నాలుగో తరగతి" అని ఒక ఫోల్డరు, అందులో జూన్ నుంచి మే దాకా పన్నెండు ఫోల్డర్లు. వాటికి నెల పేరు ఒక్కటే పెడితే కంప్యూటర్ అక్షరక్రమంలో పేర్చి వరుస చెడగొడుతుంది. 2024-06, 2024-07 అని ముందు ఏడాది, తర్వాత నెల అంకెల్లో రాస్తే ఎప్పుడు చూసినా సరైన వరుసలోనే ఉంటాయి. ఫైళ్ల పేర్లకీ ఇదే పద్ధతి: "2024-08-15 జెండా వందనం". ఫొటోషాప్ ఎలిమెంట్స్ వాడేవాళ్లకి ఆర్గనైజర్ అని విడిగా ఒక భాగం ఉంటుంది, అందులో మనిషి పేరుతో, సందర్భంతో ట్యాగ్‌లు పెట్టుకోవచ్చు. అది లేకపోయినా ఫోల్డర్లే చాలు.

రెండోది వాట్సాప్ సంగతి. స్కూల్ ఫొటోలు, పెళ్లిళ్లలో చుట్టాలు తీసిన ఫొటోలు మనకి వచ్చేది దాని ద్వారానే. మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది. ప్రింటు మంచి నాణ్యతతో రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, అంటే ఆ ఫొటో అయిదంగుళాలు దాటితే మసకబారుతుంది. పైగా ఫొటో ఎప్పుడు తీశారన్న వివరం అందులోంచి పోతుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ మీ ఫోన్‌కి చేరిన తేదీ. మేనమామ సంక్రాంతి ఫొటోలు శివరాత్రికి పంపితే అవి శివరాత్రి ఫొటోలైపోతాయి. కాబట్టి ముఖ్యమైనవి డాక్యుమెంటుగా పంపమని అడగండి. అలా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది, తేదీతో సహా.

మూడోది ఎంపిక, అందరం వాయిదా వేసే పని ఇదే. ఆదివారం పదే పది నిమిషాలు కేటాయించండి. ఆ వారం ఫొటోల్లో ఆ నెల ఫోల్డర్లోకి వెళ్లాల్సినవి వేసేయండి. నెలాఖరుకి ఓ ముప్పై పోగవుతాయి. అందులోంచి నాలుగు తీయాలి. నేను పాటించే లెక్క ఇది: చోటు తెలిసేలా దూరం నుంచి తీసింది ఒకటి, మనుషులు ఉన్నది ఒకటి, ఏదైనా వస్తువు లేదా చేతులు దగ్గరగా కనిపించేది ఒకటి, పిల్లలు వాళ్లంతట వాళ్లు ఎంచుకున్నది ఒకటి. ఈ నాలుగోదాని విషయంలో వాళ్లతో వాదించకండి. మా అమ్మాయి ఒకసారి కేకు కోస్తున్న ఫొటోలన్నీ వదిలేసి, గేటు దగ్గర పడుకున్న వీధికుక్క ఫొటో ఎంచుకుంది. ఆ పుట్టినరోజుకి దానికి అన్నిటికన్నా గుర్తున్నది ఆ కుక్కే.

ఇక సాఫ్ట్‌వేర్. మీ ఊళ్లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో ఒక పూట కూర్చుని చూడండి. కరిజ్మా ఆల్బమ్‌కి ముప్పై నలభై షీట్లు చేసే కుర్రాడు ఏ షీటూ మొదటినుంచి గీయడు. పి.ఎస్.డి. టెంప్లేట్ తెరుస్తాడు, ఫొటోలు మారుస్తాడు, ఇంకో పేరుతో సేవ్ చేస్తాడు. మనకీ అంతే. ఒక్క మంచి టెంప్లేట్ చేసుకుంటే ఏడాదంతా నడుస్తుంది. 12 అంగుళాల చదరపు పేజీ, 300 రిజల్యూషన్, అంటే 3600 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. అందులో నాలుగు చతురస్రాలు, రాతకి కొంత చోటు. ప్రతి లేయర్‌కీ పేరు పెట్టండి. "లేయర్ 14 కాపీ 3" అని ఉంటే వచ్చే నెల మీకే అర్థం కాదు.

ఫొటోషాప్‌లో ఫొటో లేయర్‌ని చతురస్రం లేయర్ పైన పెట్టి కంట్రోల్, ఆల్ట్, జి కలిపి నొక్కితే ఫొటో ఆ చతురస్రం మేరకే కనిపిస్తుంది. కత్తిరించే పని లేదు. సైజు మార్చడానికి కంట్రోల్ టి, లేయర్ కాపీకి కంట్రోల్ జె. ఈ మూడూ చేతికి అలవాటైతే సగం టైము మిగులుతుంది. డబ్బు పెట్టి కొనక్కర్లేకుండా జింప్ ఉంది, బ్రౌజర్‌లోనే పి.ఎస్.డి. ఫైళ్లు తెరిచే ఫొటోపీ ఉంది. ఏది వాడినా ఒక నియమం మాత్రం తప్పకండి. టెంప్లేట్ తెరవగానే, ఏమీ ముట్టుకోకముందే, కొత్త పేరుతో సేవ్ చేయండి. లేయర్లున్న ఫైలు వేరుగా దాచండి. జేపెగ్ ప్రింటుకి మాత్రమే, ఎందుకంటే దాన్ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంచెం కొంచెం పోతుంది.

తెలుగులో రాయబోతే వత్తులు విడిపోతున్నాయని కొందరు విసుగొచ్చి ఇంగ్లీషుకి మారిపోతారు. ఫొటోషాప్ కొంచెం పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" లేదా "వరల్డ్ రెడీ లేఅవుట్" ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు సరిగ్గా వస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఏడాది మొత్తానికి రెండే ఫాంట్లు పెట్టుకోండి, శీర్షికకి ఒకటి, రాతకి ఒకటి. ప్రతి నెలా ఫాంట్ వెతుక్కుంటూ కూర్చుంటే గంట అక్కడే కరిగిపోతుంది.

ఎందుకు రాయాలో కూడా చెప్పాలి. మా నాన్నగారి చిన్నప్పటి ఫొటో ఒక్కటే ఉంది. స్టూడియోలో తీసింది, వెనక తెర మీద గీసిన మేడమెట్లు, పక్కన పూలకుండీ. మూడేళ్ల నాన్నగారి పక్కన రెండు జడల అమ్మాయి, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. ఫొటో వెనక్కి తిప్పితే స్టూడియో రబ్బరు స్టాంపు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయెవరో నాన్నగారికి గుర్తులేదు. తెలిసిన ఆఖరి మనిషి మా పెద్ద మేనత్త. ఆవిడ పోయాక చెప్పేవాళ్లు లేరు. ఫొటో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అందులోని పిల్ల మాత్రం మాకు ఎవరూ కాకుండా పోయింది.

మన పిల్లల ఫొటోల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. నర్సరీలో ఏడుపు ఆపించిన ఆయమ్మ, రోజూ బ్యాగు అందుకునే ఆటో అంకుల్, వేరే ఊరికి బదిలీ అయి వెళ్లిపోయిన బెంచీ స్నేహితుడు. ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లలే "వీళ్లెవరమ్మా?" అని అడుగుతారు. అప్పుడు మనకి గుర్తుంటుందన్న నమ్మకం ఏమిటి? అందుకే ప్రతి పేజీలో నాలుగు వివరాలు రాస్తాను: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నారు. చివరిది చిన్నదే గానీ అన్నిటికన్నా విలువైనది. 2022 ఆగస్టు పేజీలో మా అమ్మాయి మాట ఒకటుంది: "జెండా వానలో తడిసిపోయింది కదా, దానికి జలుబు చేయదా?" ఆ రోజు ఫొటో చూస్తే యూనిఫాం, గొడుగులు కనిపిస్తాయి. ఆ మాట చదివితే ఆరేళ్ల పిల్ల కనిపిస్తుంది.

నెలవారీ పేజీలతో ఇంకో లాభం ఉంది. ఖాళీలు బయటపడతాయి. మా పెద్దవాడి తొమ్మిదో తరగతిలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలకి పెట్టడానికి ఫొటోలే దొరకలేదు. పరీక్షలు, రివిజన్లు. ఉపాయం వాడే చెప్పాడు. తన లెక్కల రఫ్ నోట్సు చివరి పేజీలు స్కాన్ చేయమన్నాడు. సమీకరణాల మధ్యలో క్రికెట్ ఫీల్డింగ్ బొమ్మలు, ఎన్ని రోజులు మిగిలాయో గీసుకున్న గీతలు, ఒక మూల "బిర్యానీ" అని మూడుసార్లు. ఆ ఏడాది మొత్తంలో వాడు ఎక్కువసార్లు తెరిచి చూసే పేజీ అదే. ఫొటోలు లేని నెల కూడా పిల్లల జీవితంలో నెలే. దానికీ ఒక పేజీ ఇవ్వండి.

పేజీలు చేశాక దాచుకోవడం ఎలా? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుపెట్టుకోండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. లాప్‌టాప్, హార్డ్‌డిస్క్ రెండూ ఒకే బ్యాగులో ఉంటే బ్యాగు పోతే రెండూ పోతాయి. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ. మెయిళ్లు, డ్రైవ్ ఫైళ్లు, 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫొటోలు అన్నీ అందులోకే వస్తాయి. అన్ని ఫొటోలూ అక్కడ పట్టకపోయినా ఏడాదికి పన్నెండు పేజీలు హాయిగా పడతాయి. మూడో కాపీ పెన్‌డ్రైవ్‌లో తాతయ్యగారింట్లో ఉండొచ్చు. మే నెలలో పన్నెండు పేజీలూ ప్రింటు తీయించి ఊరికి పంపుతాం. ఫోన్ వాడడం రాని మా అత్తగారు, ఇంటికొచ్చిన వాళ్లందరికీ ముందు మంచినీళ్లు, తర్వాత ఆ పుస్తకం ఇస్తారు.

ఒక్క జాగ్రత్త. స్కూల్ ఫొటోల్లో మన పిల్లలతో పాటు వేరేవాళ్ల పిల్లలూ ఉంటారు. ఇంట్లో పుస్తకానికి ఫరవాలేదు. పేజీని స్టేటస్‌గానో, నలుగురికీ కనిపించేలాగో పెట్టేముందు వాళ్ల అమ్మానాన్నలని ఒక్క మాట అడగడం మర్యాద.

పాత ఫొటోలన్నీ సర్దాకే మొదలుపెడదామనుకోకండి. అలా అనుకుంటే ఎప్పటికీ మొదలవదు. పాతవి అలాగే ఉండనివ్వండి, ఈ నెలతో మొదలుపెట్టండి. ఈ ఆదివారం ఒక ఫోల్డరు చేసి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు ఫొటోలు తీసి, అందులో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ వాళ్ల చేతే టైప్ చేయించండి. పేరు తెలియని మనిషి ఎవరైనా కనిపిస్తే, సోమవారం స్కూల్లో అడిగి తెలుసుకుని రమ్మనండి.