మారి బోయిన్ పాట, మా బడి

నార్వే ఉత్తరాన సామి అనే ఆదివాసులు ఉన్నారు. మారి బోయిన్ 1956లో ఆ జాతిలో పుట్టింది. మాలాగే ఉపాధ్యాయ శిక్షణ పొందింది. అందుకే ఆమె కథ మాకు మన ఇంటి కథలా ఉంటుంది.

అక్కడి బడులు సామి భాషను చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టాయి. సామీల సంప్రదాయ గానం యోయిక్‌ను చర్చివాళ్లు దయ్యం పాట అన్నారు. మారి పెరిగిన భక్తిగల ఇంట్లోనూ దానికి చోటు లేదు. 1970ల చివర ఆల్టా నది మీద ఆనకట్ట వద్దని సామీలు లేచి నిలబడ్డారు. ఆ కాలపు మేలుకొలుపులోంచే ఆమె పాట వచ్చింది. మనసులో నాటిన సిగ్గునూ, దాని మీది కోపాన్నీ సామి భాషలో పాటలుగా కట్టి తానే పాడింది. 1989లో వచ్చిన 'గులా గులా' ఆల్బమ్ ఆమెను ప్రపంచానికి వినిపించింది. గులా అంటే విను అని అర్థం.

1994 లిల్లేహామర్ ఒలింపిక్స్‌లో పాడమని పిలిస్తే, సామీలను అలంకారానికే పిలుస్తున్నారని వెళ్లలేదు. 2003లో నార్డిక్ కౌన్సిల్ సంగీత బహుమతి అందుకుంది.

సభల్లో మన పిల్లలతో ఐదు నిమిషాలు డాన్స్ చేయించి పంపేయడం మేమూ చూశాం. అంతకన్నా పెద్ద తప్పు మాదే. పిల్లలు కోయలో జవాబిస్తే "తెలుగులో చెప్పు" అని గద్దించాం, ఒకప్పుడు మా పంతుళ్లు మమ్మల్ని గద్దించినట్టే. ఇప్పుడు శనివారాలు రేల పాటలు పాడిస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అవ్వల పాటలు నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత మీ పాట మీరు కట్టండి.