వెబ్‌సైటు ఫోటోల విషయంలో నేను చేసిన తప్పు

ఇది కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి. పోయిన సమావేశంలో ఒకరు అడిగారు, "ఫోటోలు ఒకసారి పెట్టినం కదా, మళ్ళ పెట్టుమంటరేంది?" అని. "టెక్నికల్ ప్రాబ్లం" అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ప్రాబ్లం టెక్నికల్ కాదు, నాది.

మన తాతలు మగ్గాల పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చి తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగే మాట్లాడినా మన పిల్లల్లో చాలామంది చదివేది మరాఠీ, ఇంగ్లీషు. ఏ తాత ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే కుటుంబాల వివరాలు, పెద్దల ఫోటోలు ఒకచోట చేర్చుదామని వెబ్‌సైటు అనుకున్నాం. కోడు రాసే పని నేనే అడిగి తీసుకున్నాను.

మొదటి వారమే ఫోన్లు మొదలయ్యాయి. "మా బాపు ఫోటో అడ్డం పడ్డది" అని. కారణం ఏమిటంటే, మనం ఫోను నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు ఫోటోను అడ్డంగానే దాచి, చూపించేటప్పుడు తిప్పమని ఫైల్లో ఒక గుర్తు పెడతాయి. ఇలాంటి వివరాలన్నిటినీ కలిపి ఎగ్జిఫ్ అంటారు. నా ప్రోగ్రాం సైజు తగ్గించి కొత్త ఫైలు రాసేటప్పుడు ఆ గుర్తు పోయేది, తిప్పడం మాత్రం జరిగేది కాదు. ముందు గుర్తు చదివి ఫోటో తిప్పి, ఆ తర్వాతే సైజు తగ్గించాలి. అది సరిచేశాను.

తర్వాత ఒక ఆదివారం పదిమంది ఒకేసారి ఫోటోలు పెట్టేసరికి సర్వర్ ఆగిపోయింది. మామూలు ఫోను ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు. అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. ఫైలు 4 ఎంబీయే కనిపించినా, ఒక్కో చుక్కకు మూడు బైట్ల లెక్కన ప్రోగ్రాం దాన్ని విప్పితే 36 ఎంబీ మెమరీ తింటుంది. మనది తక్కువ అద్దె చిన్న సర్వర్. కంగారులో నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఏ ఫోటో వచ్చినా వెడల్పు 800 చుక్కలకు తగ్గించి, అదే పేరుతో అసలు ఫైలు మీదే రాసేయడం. ఎప్పుడో పెట్టిన ఫోటోలను కూడా ఒకే రాత్రి అలాగే చేశాను. డిస్కులో చోటు మిగిలింది, పేజీలు చకచకా తెరుచుకున్నాయి. కమిటీలో మెచ్చుకున్నారు కూడా.

నాలుగు నెలల తర్వాత ఒక అవ్వ మా ఇంటికొచ్చింది. ఆమె ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు ఇక్కడ రాయను. భర్త సంవత్సరీకానికి పెద్ద ఫోటో కట్టించాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో గోడ చెమ్మకు ఫ్రేము అద్దానికి అతుక్కుని పాడైపోయింది. దాన్ని ఫోనులో తీసిన మనవడు ఆ ఫోను అమ్మేశాడు. "గంప్యూటర్ల ఉన్నదన్నరు గద బిడ్డా, ఇయ్యి" అంది.

అది నలుగురు కూర్చున్న ఫోటో. వచ్చినప్పుడు అందులో ఆయన ముఖం వెడల్పు దాదాపు 400 చుక్కలు. నేను మిగిల్చింది 80.

మన భాషలో చెప్పాలంటే ఫోటో ఒక బట్ట. 4000 పడుగు పోగులు, 3000 పేక పోగులు. నేను దాన్ని 800 పడుగు, 600 పేక చేశాను. పోగులు ఒకదాన్నొకటి దాటే చోట్లు 25 ఉంటే ఒక్కటి మిగిలింది. అంత పలచన చేసిన బట్టను మళ్ళీ చిక్కగా నేయలేం. తీసేసిన పోగులు ఏ రంగువో ఎవరికి తెలుసు?

స్టూడియోకు తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు ఏదో ఏఐ యాప్‌లో వేసి నున్నగా, స్పష్టంగా చేసి ఇచ్చాడు. నాకు బాగానే అనిపించింది. అవ్వ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఈయన మా ఆయన గాదు" అంది. ఆమె చెప్పింది నిజమే. లేని చుక్కలను యాప్ ఊహించి నింపుతుంది. ఆ కళ్ళు, ఆ పెదవులు ఎవరివో. నన్నొక్క మాట అనకుండా చీర కొంగులో ఆ ఫోటో చుట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి లెక్క చూసుకున్నాను. నేను చెడగొట్టినవి 300 పైచిలుకు ఫోటోలు. అసలు ఫైళ్ళన్నీ కలిపినా ఒకటిన్నర జీబీ దాటవు. ఒక సినిమా పట్టే చోటు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. మీరు పంపిన అసలు ఫోటోను ఏ ప్రోగ్రామూ ముట్టుకోదు. వేరే చోట అలాగే ఉంటుంది, ఇంకో కాపీ సంఘం ఆఫీసు హార్డ్ డిస్కులో ఉంటుంది. పేజీలో చూపించడానికి వేరే కాపీలు తయారవుతాయి, జాబితాకు 200 చుక్కలది, పెద్దగా చూడటానికి 1200 చుక్కలది. ఆ పని వరసలో ఒక్కొక్కటిగా జరుగుతుంది కాబట్టి సర్వర్ ఆగదు. ఫోను ఫోటోల్లో తీసిన చోటు వివరం కూడా దాగి ఉండొచ్చు. అందరికీ కనిపించే కాపీల్లో దాన్ని తీసేస్తున్నాం, మన ఆడపిల్లల ఇల్లు ఎక్కడో లోకానికి తెలియనక్కర్లేదు.

మీకు రెండు మనవులు. ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే అదే చిన్నది చేసేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. పాత ప్రింట్లయితే ఫోనుతో తీయకండి, 600 డీపీఐలో స్కాన్ చేయాలి. ఆదివారాలు పొద్దున స్కానరుతో సంఘం హాల్లోనే ఉంటాను. వెబ్‌సైటులో పెట్టాం కదా అని ఇంట్లో ఫోటో మాత్రం పారేయకండి.

ఇంకొక్క మాట. ఆ అవ్వ భర్తతో కార్ఖానాలో కలిసి పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మనలోనే ఉన్నారు. మీ ఇంటి పెళ్ళి ఆల్బమ్‌లు ఒకసారి తిరగేయండి. ఏ మూలనైనా ఆయన నిలబడి కనిపిస్తే నాకు కబురు చేయండి. నేనే వచ్చి స్కాన్ చేసుకుంటాను.